పెళ్లికాని పాదరసం

“పెళ్లి కాలేదంటే తప్పు నూరేవాడిదే. మా వీధిలో అదొక్కటే మాట, రెండో మాట లేదు. ఏంటా చూపు? నీ పెళ్లి సంగతి కాదులే బాబూ, కంగారుపడకు. పాదరసం పెళ్లి.”

“పాదరసానికి పెళ్లేంటి పిన్నీ?”

“గంధకంతో. మేం అలాగే అనేవాళ్లం. కల్వంలో రెండూ వేసి నూరుతూ పోతే ఆ తళతళా, ఆ పసుపుపచ్చా రెండూ మాయమైపోయి నల్లటి పిండి మిగులుతుంది. వేలికి రాసుకుని వెలుగులో చూడాలి. ఎక్కడా మెరవలేదా, పెళ్లయిపోయినట్టు. చిన్న పూస మెరిసినా కానట్టే. మేస్త్రీ వచ్చి కల్వంలోకి తొంగిచూసి ‘ఇంకా నూరు’ అని పోయేవాడు. ఆ మహానుభావుడికి వచ్చిన చదువంతా ఆ రెండు ముక్కలే.”

పిన్ని నవ్వితే ముందు భుజాలు కదులుతాయి, తర్వాత ఎప్పటికో నోరు తెరుచుకుంటుంది. తెరుచుకున్నా అందులో పళ్లు పెద్దగా కనిపించవు. “మాటలకి పళ్లెందుకురా” అంటుంది ఎవరైనా అడిగితే.

ఆ మధ్యాహ్నం నేను ఆవిడ గదిలో నేలమీద కూర్చుని త్రాసు విప్పుతున్నాను. త్రాసులు బాగుచెయ్యడం నా పని. వీధిలో అందరికీ ఆవిడ పిన్నే కాబట్టి నాకూ పిన్నే. ఒకటే గది, వెనక పొయ్యి పెట్టుకునేంత చోటు. నేలంతా నల్లరాతి పలకలు, పలకకీ పలకకీ మధ్య చిటికెనవేలు దూరేంత సందులు. ఒకవైపు గోడ అడుగునుంచి మోకాలెత్తు దాకా ఎర్రగా ఉంటుంది. ఎన్ని పూతలు సున్నం వేసినా కొన్నాళ్లకి మళ్లీ పైకి వచ్చేస్తుందట ఆ ఎరుపు.

అది ఇంగిలీకం అనే రంగుపొడి ఎరుపు. రంగుల కంపెనీ ఉన్న రోజుల్లో ఈ వీధిలో ప్రతి ఇల్లూ పనిగదే. నలుపు మగవాళ్లది, ఎరుపు ఆడవాళ్లది. మగవాళ్లు పాదరసం, గంధకం నూరి నల్లపిండి చేస్తే, బట్టీవాళ్లు దాన్ని మూతపెట్టిన కుండల్లో కాల్చేవాళ్లు. కుండ మూతకి అడుగున ముదురు ఎరుపు చెక్కులా కట్టేది. ఆ చెక్కు మళ్లీ ఇళ్లకి వచ్చేది. ఆడవాళ్లు నీళ్లు పోసుకుంటూ నూరితే కళ్లు జిగేలుమనే ఎరుపు దిగేది. కంపెనీ మూతపడి చాలా కాలమైంది. కల్వాలు ఎవరో ఎత్తుకుపోయారు. పిన్ని దగ్గర మాత్రం త్రాసు ఉండిపోయింది.

“దీంతో ఇప్పుడేం తూస్తావు?” అని అడిగాను.

“బంగారం తూస్తాను. ఏడు నెలల బంగారం.” మళ్లీ భుజాలు కదిలాయి. “సోమవారం నుంచి మా అమ్మాయి కుట్టుపని కొట్లో చేరుతోంది. తన పిల్లని పగలంతా నా దగ్గరే వదులుతానంది. ఎన్నాళ్లనుంచి అడుగుతున్నానో తెలుసా? వంతెన దాటి రావడానికి దానికి తీరికేది? నేను వెళదామంటే నా కాళ్లు మాట వినవు. ఇన్నాళ్లకి ఒప్పుకుంది. పుట్టినప్పుడు పిల్లిపిల్లంత ఉంది మనవరాలు. వారం వారం తూచి, చూడవే నా చేతికింద ఎంత పెరిగిందో అని వాళ్లమ్మ మొహాన చెప్పొద్దూ? నువ్వు పళ్లెం తీసేసి గుడ్డ ఉయ్యాల తగిలించేలా కొక్కెం బిగించు. గట్టిగా బిగించు. పాకడం మొదలెట్టింది, ఒక్క చోట ఉండదు. దొరికిందల్లా నోట్లోకే.”

గదంతా ఆ పిల్ల కోసం ముందే సర్దేసింది. మంచం కాళ్లకి గుడ్డలు చుట్టింది. పొయ్యికి అడ్డంగా చెక్క పెట్టింది. నేల తుడిచి తుడిచి పలకలు నిగనిగలాడుతున్నాయి.

నేను త్రాసు కాడ మధ్య ఇరుసుకి పట్టిన తుప్పు గీకుతుంటే ఆవిడ వాళ్లాయన గురించి చెప్పుకుపోయింది. సగం నాకు తెలుసు. అయినా పిన్ని చెబితే ప్రతిసారీ ఒక ముక్క కొత్తగా వస్తుంది. అందుకే అడ్డుచెప్పను.

ఆయన్ని వీధిలో ‘మెరుపు’ అనేవాళ్లు. చురుకైనవాడని కాదు. అందరి కల్వాలూ మధ్యాహ్నానికి నల్లబడితే ఈయన కల్వం సాయంత్రమైనా మెరుస్తూనే ఉండేదని. పక్కింటివాళ్లు అదే పాదరసం, అదే గంధకం తెచ్చుకుని నూరేవాళ్లు, వాళ్లకి పెళ్లయిపోయేది. ఈయనకి అవదు. “ఏం మెరుపూ, ఇవాళైనా ముడిపడిందా, పిల్ల అలిగి పుట్టింట్లోనే ఉందా” అని దారినపోయేవాళ్లంతా తలో మాటా వేసేవాళ్లు. మేస్త్రీ అయితే కల్వం ముందు గొంతుక్కూర్చుని, “చేతుల్లో సత్తువ లేనివాడికి ఈ పని ఎందుకయ్యా, పూలు కట్టుకో” అన్నాడట పదిమందిలో. కూతుర్ని కూడా వదల్లేదు. పిల్లలు ఆటలో ఓడిపోతే, “మెరుపు కూతురు కదా, దాని పని ఎప్పటికి తెములుతుంది” అనేవాళ్లు. ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చి వాళ్ల నాన్న మొహంలోకి చూసి ఏమీ అడక్కుండా పడుకునేది.

“ఆయన మాత్రం ఏం చేస్తాడు? అన్నం సగంలో వదిలేసి మళ్లీ పొత్రం పట్టుకునేవాడు. మొహం కల్వంలో పెట్టేసినట్టు వంగి నూరేవాడు. భుజాలు బొబ్బలెక్కేవి. సరే, ఆ దేవుడెందుకో కరుణించాడు. ఒకరోజునుంచి మెరుపు ఆగిపోయింది. మేస్త్రీ వచ్చి చూసేసరికి నల్లగా, మచ్చలేకుండా ఉంది పిండి. మర్నాడూ అంతే. చేతికి బలమొచ్చిందే అన్నాడు నాతో. ఆ పూట ఇద్దరం ఎంత నవ్వుకున్నామో! కానీ సంబరం ఎన్నాళ్లు? చేతులు వణకడం మొదలెట్టాయి. పళ్లు కదిలాయి. చీటికీమాటికీ కోపం. ఎవరైనా వస్తే గోడవైపు తిరిగిపోయేవాడు, కొత్తపెళ్లికూతురు సిగ్గుపడ్డట్టు. గ్లాసు నోటిదాకా వెళ్లేది కాదు, నేనే పట్టించేదాన్ని. చివర్లో కూడా అదే మాట, ‘నేను బద్ధకస్తుణ్ని కాదే’ అని. కాదులే అనేదాన్ని. నాకేం తెలుసు? ఓదార్చడానికి అనేదాన్ని.”

కాడ తిన్నగా నిలబడింది. ఇక తూకపు రాళ్లు సరిచూడాలి. రాళ్లంటే ఇనుప తూకాలే. కంపెనీవాళ్లు ఒక్కో ఇంటికి రెండే ఇచ్చారు, అంకెలతో పనిలేకుండా: పెద్దరాయి ఎత్తు పాదరసం, చిన్నరాయి ఎత్తు గంధకం. చదువు రానివాళ్లు కూడా పొరపడరని ఆ ఏర్పాటు. నా దగ్గరున్న సరైన తూకాలు ఎదురుపళ్లెంలో పెట్టి చూశాను. పెద్దరాయి ఐదు కిలోలు, నిక్కచ్చిగా ఉంది. చిన్నరాయి ఎనిమిది వందల గ్రాములు ఉండాలి. రాయి ఉన్న పళ్లెం పైకి లేచింది. నావైపునుంచి ఇరవై గ్రాములు తీస్తేగానీ కిందకి రాలేదు.

చిన్నరాయి తిరగేశాను. అడుగున బొడ్డులా ఒక గుంట.

“అది పుట్టుకతో ఉంది దానికి,” అంది పిన్ని. “మా ఆయన ఏదైనా ఆలోచిస్తుంటే వేలు అందులో పెట్టి తిప్పుతుండేవాడు.”

“ఇక్కడ సీసం ఉండాలి పిన్నీ. తూకం పోసేటప్పుడు కావాలనే కాస్త తక్కువ పోసి, గుంటలో సీసం కరిగించి పోసి సరిచేస్తారు. ఇందులో సీసం ఊడిపోయింది. ఎప్పుడు పోయిందో, మీ దాకా రాకముందే పోయిందో.”

“పోతే? ఇరవై గ్రాములు. చిటికెడు.”

అక్కడ నేను నోరు మూసుకుని కొక్కెం బిగించుకుపోవాల్సింది. కానీ తెలిసిన విషయం నా నాలుకమీద నిలవదు. అట్టలూడిన రసాయనశాస్త్రం పుస్తకం ఒకటి పాత కాగితాల కొట్లో దొరికితే, ఏళ్ల తరబడి ఎవరినీ అడగకుండా చదువుకుంటూ వచ్చాను. అందులో నాకు మొదట నమ్మకం కలగని సంగతి ఇదే, తర్వాత త్రాసు ముందు కూర్చుని నాకు నేనే రుజువు చేసుకున్నదీ ఇదే.

“ఆ చిటికెడే కథంతా పిన్నీ. గంధకం తక్కువైతే పాదరసం మిగిలిపోతుంది.”

“మిగిలితే ఇంకాస్త నూరితే సర్దుకోదూ? కూరలో ఉప్పు తక్కువైతే సర్దుకుని తినమూ?”

“ఇది కూర కాదు. కలపడం వేరు, కలవడం వేరు. ఉప్పూ కారం నువ్వు ఎంతంటే అంత కలుపుకోవచ్చు, రుచి మారుతుంది అంతే. రెండు పదార్థాలు కలిసి మూడో పదార్థం అయిపోయేటప్పుడు మాత్రం నీ ఇష్టం నా ఇష్టం ఉండదు. నీళ్లే తీసుకో. వాననీళ్లు కానీ, కళ్లనీళ్లు కాచి పట్టిన ఆవిరి కానీ, ఎనిమిది వంతుల ఆక్సిజన్‌కి ఒక వంతు హైడ్రోజన్. ఒక పిసరు ఎక్కువ పెట్టి చూడు, ఆ పిసరు అలాగే పక్కన నిలబడి ఉంటుంది. ఇంగిలీకానికి ఆరుంపావుకి ఒకటి. ఐదు కిలోలకి ఎనిమిది వందల గ్రాములు.”

“ఎవరు పెట్టారు ఆ లెక్క?”

“ఎవరూ పెట్టలేదు. వాటి ఒళ్లే అంత. అన్నిటికంటే చిన్న ముక్క పాదరసానిదొకటి, గంధకానిదొకటి. ఒకటికి ఒకటే జోడీ. కాకపోతే పాదరసం ముక్క ఆరుంపావు రెట్లు బరువు. తలలు లెక్కపెడితే సమానం, తూస్తే ఆరుంపావుకి ఒకటి.”

“మా ఆయనా నేనూ నిలబడ్డట్టు. ఆయన ఆరుంపావు, నేను ఒకటి,” అని పిన్ని తనే నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. “అంటే... ఇరవై గ్రాములు తక్కువైతే?”

“నూట పాతిక గ్రాముల పాదరసానికి జోడీ లేదు.”

“ఎంత నూరినా?”

“పొత్రం అరిగిపోయేదాకా నూరినా.”

“పక్కింటివాళ్లకి అయ్యేది కదా?”

“వాళ్ల చిన్నరాయిలో సీసం ఉంది పిన్నీ.”

ఆవిడ చిన్నరాయి నా చేతిలోంచి తీసుకుంది. వేలు ఆ గుంటలో పెట్టింది. చాలాసేపు తిప్పింది. కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ మొహం వెలిగిపోయింది. “విన్నావా?” అంది, గోడవైపు చూస్తూ, ఆయన ఎప్పుడూ మొహం దాచుకునే గోడవైపు. “నీ చేతిలో సత్తువ లేక కాదట. రాయి గుల్లదట! ఆ మేస్త్రీగాడు బతికుంటే బాగుండును. ఈ రాయి వాడి నోట్లో కుక్కి ‘ఇంకా నమలు’ అనేదాన్ని.”

నాకూ సంతోషం వేసింది. ఒక మనిషి మీద పడ్డ మచ్చ నా త్రాసు తుడిచేసింది కదా అనుకున్నాను. కొక్కెం తీసుకుని బిగించబోతుంటే పిన్ని గొంతు మారిపోయింది.

“బాబూ. ఎంత నూరినా అవదన్నావు.”

“అవును.”

“మరి తర్వాత ఎలా అయింది? అదే రాయి. రాయి మార్చలేదు మేం. మేస్త్రీ వచ్చేసరికి నల్లగా ఉండేది పిండి. మెరుపే లేదు. ఆ నూట పాతికా ఏమైంది?”

అప్పటికే ఆవిడ గది మూల వైపు చూస్తోంది. కల్వం ఉన్న చోటు అది. అక్కడి పలక మిగతా పలకల్లా కదలకుండా కూర్చుని ఉండదు. తొక్కితే ఒక కొస లేస్తుంది. నేనే రెండుమూడుసార్లు కాలు తగిలి పడబోయాను అక్కడ.

“కూర్చుని కూర్చుని ఆయన బరువుకి వదులైందనుకున్నాను,” అంది మెల్లగా. “ఎత్తు.”

“వద్దు పిన్నీ.”

“ఎత్తరా.”

వాకిలి తలుపూ, వెనక తలుపూ బార్లా తెరిచి, నా పెద్ద స్క్రూడ్రైవర్ సందులో దూర్చి పైకి లేపాను. వెలుగు లోపలికి పడింది. కింద చీకట్లో ఎవరో కళ్లు తెరిచినట్టయింది. మట్టిలో గుంట చేసి ఉంది, గుంట నిండా వెండిరంగు, పలక కదిలిన అదురుకి వణుకుతోంది. అంచుల్లో చిన్నచిన్న పూసలు విడిపోయి సందుల్లోకి దొర్లాయి. ఆ సందులు గదంతా పారుతున్నాయి. మంచం కిందకీ, పొయ్యి దగ్గరికీ, పిల్ల కోసం తుడిచిపెట్టిన చోటికీ.

నెమ్మదిగా పలక దించేశాను.

రోజూ మేస్త్రీ అడుగుల చప్పుడు వినగానే ఆయన కల్వం ఒక పక్కకి వంచి, జోడీ దొరకని ఆ చెంచాడు ఇందులోకి ఒంపేసి ఉంటాడు. బయటపడితే ‘మెరుపు’ అంటారు. కూతుర్ని అంటారు. ఆ తర్వాత దానిమీదే చాపేసుకుని కూర్చుని నూరాడు, దాని పక్కనే పడుకున్నాడు.

పిన్ని రెండు కాళ్లూ మంచంమీదకి లాక్కుంది. “కొడితే చచ్చేది కాదది, ఆవిరై ఊపిరిలా లేస్తుందనేవాళ్లు బట్టీవాళ్లు. వేడి చేస్తేనే అనుకున్నాను.”

“వేడి లేకపోయినా లేస్తుంది. కంటికి కనిపించదు. పీల్చగా పీల్చగా చేతులు వణుకుతాయి, పళ్లు కదులుతాయి.”

“గంధకం పోస్తే? ఇప్పుడు పోద్దాం. బస్తాడు తెచ్చి పోద్దాం. అప్పుడు లేని జోడీ ఇప్పుడిద్దాం.”

“పైన పోస్తే పైపొర నల్లబడుతుంది పిన్నీ. లోపల అలాగే ఉంటుంది. నూరితేనే కలుస్తుంది. నేలని ఎలా నూరతాం? లెక్క తెలుసు మనకి, ఆరుంపావుకి ఒకటని. ఆరుంపావు వైపు ఎంతుందో ఎవరికి తెలుసు? మట్టిలోకి ఎంత దిగిందో, గోడ కిందకి ఎంత పోయిందో. దీన్ని తెలిసినవాళ్లు వచ్చి తవ్వి తీసుకెళ్లాలి. అందాకా నువ్వూ ఇక్కడ ఉండకూడదు. మా ఇంటికి పద.”

“నా సంగతి తర్వాత. నా ఒంట్లో పట్టాల్సింది ఎప్పుడో పట్టింది.” ఆవిడ చెక్క అడ్డుపెట్టిన పొయ్యినీ, గుడ్డలు చుట్టిన మంచం కాళ్లనీ ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది. ఎంత ఇష్టంగా సర్దుకుందో అంత నిదానంగా చూసింది. “సోమవారం అది రాదు,” అంది. “ఇక్కడికి ఎప్పుడూ రాదు.”

నేను కొక్కెం సంచిలో వేసుకున్నాను.

పిన్ని అప్పుడు ఇంకోటి చెప్పింది. చెబుతున్నట్టు కాకుండా, ఎవరో చెబితే వింటున్నట్టు. “కల్వం పక్కనే కట్టేవాళ్లం మా అమ్మాయికి ఉయ్యాల. పొత్రం తిరిగే చప్పుడు ఉంటేగానీ నిద్రపోయేది కాదు. పాకడం వచ్చాక కల్వం చుట్టూనే. ఆ పూసలంటే దానికి ఎంత ఇష్టమో, వేలితో తోస్తే పరిగెడతాయి కదా... చేతిలో ఏదీ నిలవదు దానికి. మొన్న వచ్చినప్పుడు కూడా టీ గ్లాసు జారవిడిచింది. చిన్నప్పటినుంచీ అంతేలే, తొందరెక్కువ అని నవ్వాను నేను. తొందరేనా అది? కుట్టుపని కొట్లో చేరుతోందిరా!”

బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆవిడ చిన్నరాయిని కొంగుతో తుడిచింది, శుభ్రంగా, అడుగు గుంటతో సహా. తుడిచి నా చేతిలో పెట్టింది.

“ఇప్పుడే వెళ్లు. వంతెన దిగగానే ఎడమచేతి మేడ, మెట్లకింద గది. వెళ్లగానే ఏమీ అనకు. నీ చొక్కా గుండీ ఒకటి తెంపుకుని, కుట్టిపెట్టమ్మా అని అడుగు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు దాని చేతులు చూడు, కళ్లు కాదు, చేతులు. చటుక్కున ఎక్కించేసిందా, మీ అమ్మకి ఓపిక లేదట, పిల్లని తేవద్దంది అని చెప్పి వచ్చెయ్. తిట్టుకుంటే తిట్టుకోనీ నన్ను. దారం కొస సూది చుట్టూ తిరుగుతుంటే మాత్రం, ఈ రాయి తిరగేసి చూపించి మొత్తం చెప్పెయ్, దాచకు, దాన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లు. కానీ బాబూ, ముందు వాళ్ల నాన్న బద్ధకస్తుడు కాదని చెప్పు. అది చెప్పాకే మిగతాది చెప్పు.”